గెలిచాక ఎందుకు విడిపోయారు? బ్రాడీపేట ఆదివారం చరిత్ర క్లాసుల మీద నా రివ్యూ

ముందే తేల్చి చెప్పేస్తాను. సివిల్స్‌కి చదివేవాళ్లయినా, ఊరికే చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లయినా, హిట్లర్ మీద ఒక్కటై పోరాడిన అమెరికా, సోవియట్ యూనియన్ గెలిచిన కొద్ది కాలానికే ఒకరి మీద ఒకరు కత్తులు నూరుకునే స్థితికి ఎలా వచ్చాయో నిజంగా అర్థం కావాలంటే గుంటూరు బ్రాడీపేటలో జరిగే ఈ ఆదివారం క్లాసులకి వెళ్లండి. అయిదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద వివరంగా రాస్తాను.

పేరు ఇక్కడ రాయడం లేదు, మాస్టారికి ప్రచారం ఇష్టం ఉండదు, కావాల్సినవాళ్లు అడిగితే విడిగా చెప్తాను. ఆయన రిటైరైన లెక్చరర్. మేడ మీద ఒక హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక వైట్ బోర్డు, ఒక గోడ నిండా 1945 నాటి యూరప్ మ్యాప్, అంతే. మొత్తం కోర్సుకి మూడున్నర వేలు. ప్రిలిమ్స్ టెస్ట్ సిరీస్‌కే అంతకన్నా ఎక్కువ పోస్తున్న రోజుల్లో ఇది చాలా తక్కువ.

ఇంతకు ముందు ఇదే పాఠం విజయవాడలో ఒక పెద్ద కోచింగ్ సెంటర్లో విన్నాను. అక్కడ కోల్డ్ వార్‌కి కారణాలు అని బోర్డు మీద సిద్ధాంత విభేదాలు, అణుబాంబు, మార్షల్ ప్లాన్ (యుద్ధం తరువాత యూరప్‌కి అమెరికా చేసిన సాయం) అని వరసగా రాసి, జిరాక్స్ నోట్సు చేతిలో పెట్టి, గంట తిరగకుండా కొరియా యుద్ధం దాకా లాక్కెళ్లిపోయారు. పరీక్షలో పది మార్కులకి రాయడానికి అది సరిపోతుందేమో. నాకు మాత్రం అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది. కమ్యూనిజానికీ పెట్టుబడిదారీ విధానానికీ పడకపోవడం రష్యా విప్లవం జరిగిన 1917 నుంచీ ఉన్నదే కదా, ఆ పడకపోవడం ఉండగానే నాలుగేళ్లు కలిసి యుద్ధం చేశారు కదా, మరి గెలిచాక ఏం పుట్టుకొచ్చిందని విడిపోయారు?

ఈ క్లాసులన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. మాస్టారు చెప్పే జవాబు నాకు ఇంకెక్కడా దొరకలేదు: కొత్తగా ఏమీ పుట్టుకురాలేదు, యుద్ధం గెలవడానికి ఏ పనులు చేశారో అవే తరువాత తగాదాలయ్యాయి. రెండో ఫ్రంట్, అంటే పశ్చిమం వైపు నుంచి కూడా జర్మనీ మీద దాడి, తెరవడంలో ఆలస్యం, అప్పుగా ఇచ్చిన లారీలు, సైన్యాలు ముందుకెళ్లి ఆగిన చోటు, దాచిపెట్టి తయారుచేసిన బాంబు, వీటిలో ఏ ఒక్కటీ యుద్ధం అయిపోయాక మొదలైనది కాదు. వినగానే పెద్ద మాటగా అనిపించదు గానీ, తేదీలు పెట్టుకుని ఒక్కొక్కటీ చూపిస్తుంటే, చదివిన పుస్తకాలన్నీ మళ్లీ మొదటి నుంచి తిరగేయాలనిపిస్తుంది.

మొదటి క్లాసు స్నేహం ఎలా మొదలైందో చెప్తుంది, అక్కడే సగం విషయం తెలిసిపోతుంది. 1939 ఆగస్టు 23న జర్మనీతో ఒప్పందం చేసుకుని పోలండ్‌ని పంచుకున్న దేశం సోవియట్ యూనియన్. 1941 జూన్ 22న హిట్లర్ తన మీద పడేదాకా అది ఈ కూటమిలో లేదు. రష్యా విప్లవాన్ని మొగ్గలోనే తుంచేయాలని ఒకప్పుడు గట్టిగా పట్టుబట్టిన బ్రిటన్ ప్రధాని చర్చిల్, ఆ సాయంత్రమే రేడియోలో మాట్లాడి సోవియట్‌కి సాయం చేస్తామన్నాడు. శత్రువుకి శత్రువు మిత్రుడు, అంతకు మించి వాళ్ల మధ్య ఏమీ లేదు. ఈ మలుపు సెగ మన దాకా కూడా వచ్చింది. అప్పటిదాకా ఇది సామ్రాజ్యవాద యుద్ధం అన్న కమ్యూనిస్టు పార్టీ, ప్రజాయుద్ధం అని లైను మార్చుకుంది, 1942లో పార్టీ మీద నిషేధం ఎత్తేశారు, సరిగ్గా అప్పుడే క్విట్ ఇండియా అంటూ కాంగ్రెస్ వాళ్లు జైళ్లకి వెళ్తున్నారు. ఆంధ్ర కమ్యూనిస్టులకి బెజవాడ ఎంత ముఖ్యమైన ఊరో తెలిసినవాళ్లకి, ఆ మంట ఇక్కడ ఎంతకాలం ఆరకుండా ఉందో వేరే చెప్పక్కర్లేదు. మాస్టారు దీన్ని రెండు నిమిషాల్లో చెప్పి దాటేశారు, ఇంకాస్త ఆగి ఉండాల్సింది.

రెండో ఫ్రంట్ గురించిన క్లాసు మాత్రం అద్భుతం. 1942లోనే పశ్చిమ యూరప్‌లో దిగుతామని సోవియట్‌కి ఆశ పెట్టారు, దిగలేదు. 1943లోనూ ఫ్రాన్స్‌లో దిగలేదు. నార్మండీలో కాలు పెట్టింది 1944 జూన్ 6న. ఈలోగా సోవియట్ నేల మీద స్టాలిన్‌గ్రాడ్ యుద్ధం అయిపోయింది, కుర్స్క్ యుద్ధం అయిపోయింది. ఓడలు చాలకనో, సైన్యం సిద్ధం కాకనో ఆలస్యమైందని లండన్, వాషింగ్టన్ చెప్పిన కారణాల్లో నిజం ఉంది, మాస్టారు దాన్ని దాచరు. కానీ యుద్ధం మొత్తంలో సోవియట్ వైపు పోయిన ప్రాణాలు దాదాపు 2 కోట్ల 70 లక్షలు, అమెరికా వైపు పోయినవి సుమారు 4 లక్షలు. ఈ రెండు అంకెలూ బోర్డు మీద పక్కపక్కన రాసి ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. మేం చచ్చేదాకా కావాలనే చూస్తూ కూర్చున్నారు అని మాస్కోలో ఎందుకు అనుకున్నారో ఆ తరువాత ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు.

ఇంకో పక్క కూడా అంతే నిజాయితీగా చూపించారు. లెండ్-లీజ్, అంటే మిత్రదేశాలకి యుద్ధ సరుకు అప్పుగా ఇచ్చే చట్టం, కింద అమెరికా సోవియట్‌కి పంపిన సరుకు విలువ సుమారు 1,100 కోట్ల డాలర్లు, అందులో లారీలు, జీపులే 4 లక్షలకి పైగా. సోవియట్‌ల ఎర్ర సైన్యం బెర్లిన్ దాకా అంత వేగంగా వెళ్లగలిగిందంటే ఆ చక్రాల పుణ్యం చాలా ఉంది, 1943 టెహరాన్ సమావేశంలో విందు దగ్గర స్టాలినే ఆ మాట ఒప్పుకున్నాడు, ఈ యంత్రాలు లేకపోతే యుద్ధం ఓడిపోయేవాళ్లమని. గెలుపులో ఎక్కువ వాటా మాదంటే మాది అని రెండు పక్కలా అనుకోవడానికి గట్టి ఆధారాలున్నాయన్నమాట. మా రక్తం అని వీళ్లు, మా ఇనుము అని వాళ్లు.

ఈ కోర్సుకి ప్రాణం చీటీలు. ప్రతి క్లాసు సగంలో మాస్టారు చీటీలు పంచుతారు. ఒక్కో చీటీ మీద ఒక తేదీ, మీరెవరు, ఆ రోజుకి మీకు ఏం తెలుసు, అంతే ఉంటుంది. తరువాత ఏం జరిగిందో తెలిసిన తెలివి వాడకూడదు. నాకు వచ్చిన వాటిల్లో ఒకటి 1945 మే 12. నేను మాస్కోలో విదేశాంగ శాఖ ఉద్యోగిని, జర్మనీ లొంగిపోయి వారం కూడా కాలేదు, అమెరికా రేవుల్లో మాకు సరుకు ఎక్కించడం ఆపేశారనీ, దారిలో ఉన్న ఓడల్ని కూడా వెనక్కి రమ్మన్నారనీ కబురొచ్చింది. దీన్ని పై అధికారికి ఏమని రాసి పంపుతావు? మా వరస బెంచీల్లో కూర్చున్నవాళ్లందరం ఇంచుమించు ఒకటే రాశాం, ఇది బెదిరింపు, పని అయిపోయింది కాబట్టి మెడ వంచాలని చూస్తున్నారు అని. అవతలి వరసకి అదే తేదీతో వాషింగ్టన్ చీటీ వచ్చింది. ఈ లెండ్-లీజ్ చట్టం యుద్ధం కోసమే, యుద్ధం తరువాతి పునర్నిర్మాణానికి ఒక్క డాలరు కూడా వాడకూడదని అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) ముందే గట్టిగా చెప్పింది, ట్రూమన్ అధ్యక్షుడై నెల రోజులే అయింది, కింది అధికారులు ఆర్డరుని అక్షరం పొల్లుపోకుండా అమలు చేసేశారు. వాళ్లు రాసింది, ఇది రూలు ప్రకారం జరిగిన మామూలు పని అని. రెండు పక్కలవీ పైకి చదివించారు. నిజంగా ఏం జరిగిందంటే, గోల అయ్యాక వెనక్కి తిప్పిన ఓడల్ని మళ్లీ పంపించారు, కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. ఆ నెలాఖరున ట్రూమన్ దూతగా హ్యారీ హాప్కిన్స్ మాస్కో వెళ్తే, ఆపడం సంగతి అలా ఉంచి ఆపిన తీరు చాలా మొరటుగా ఉందని స్టాలిన్ ఆయన మొహం మీదే అన్నాడు. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం, చాలా పుస్తకాల్లో అదీ ఉండదు. ఆ చీటీ చేతిలో పట్టుకుని రాసినప్పుడే అనుమానం అనేది ఎలా పుడుతుందో నాకు తెలిసింది.

సైన్యాలు ఆగిన చోటే సరిహద్దు అయిందన్న విషయం చెప్పడానికి ఆయన ఎంచుకున్నది 1944 అక్టోబర్ 9 రాత్రి. మాస్కో క్రెమ్లిన్‌లో చర్చిల్ ఒక చిన్న కాగితం ముక్క మీద ఏ దేశంలో ఎవరి పలుకుబడి ఎంతో రాశాడు: రుమేనియాలో రష్యాకి 90 శాతం, గ్రీసులో బ్రిటన్‌కి 90, యుగోస్లావియా, హంగరీ సగం సగం, బల్గేరియాలో రష్యాకి 75. కాగితం బల్ల మీదుగా అవతలికి జరిపాడు. స్టాలిన్ నీలం పెన్సిల్ తీసి పెద్ద టిక్కు పెట్టి వెనక్కి ఇచ్చాడు. కోట్ల మంది తలరాత ఇంత తేలిగ్గా తేల్చేశామని ఎవరైనా అనుకుంటారేమో, ఈ కాగితం కాల్చేద్దామా అని చర్చిల్ అడిగితే, వద్దు, నీ దగ్గరే ఉంచుకో అన్నాడట స్టాలిన్. ఈ వివరమంతా చర్చిల్ తానే తరువాత రాసుకున్నది. ఇక్కడ నాకు బాగా నచ్చింది, మాస్టారు కాగితంతో ఆపేయకుండా ఆ తరువాతి డిసెంబరుకి తీసుకెళ్లడం. ఏథెన్స్ వీధుల్లో బ్రిటిష్ సైన్యం గ్రీకు కమ్యూనిస్టుల మీద కాల్పులు జరుపుతుంటే స్టాలిన్ కిక్కురుమనలేదు. అంటే ఆయన లెక్కలో తను మాట నిలబెట్టుకున్నాడు, కాబట్టి రుమేనియాలో తను ఏం చేసినా అవతలివాళ్లు నోరు మెదపకూడదు. అప్పటి అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ లెక్కలో ఆ కాగితానికి విలువే లేదు.

నరసరావుపేట వైపు నుంచి వచ్చే ఒక అబ్బాయి లేచి, "ఇది మా ఊళ్లో గట్టు తగాదాలాగే ఉంది సార్, మూడోవాడి మీద ఇద్దరూ కలిసి కోర్టుకెక్కుతారు, కేసు గెలిచి ఇంటికొచ్చాక గట్టు దగ్గర వాళ్లిద్దరే కొట్టుకుంటారు" అన్నాడు. మాస్టారు నవ్వి, "గట్టు దగ్గరికైతే సర్వేయరు గొలుసు పట్టుకుని వస్తాడు నాయనా, ఇక్కడ సర్వేయరు ఎవరు? ఎవరి సైన్యం ఎక్కడ నిలబడితే అదే గట్టు" అన్నారు. 1945 ఏప్రిల్‌లో యుగోస్లావ్ నాయకులతో స్టాలిన్ అన్నది కూడా ఇంచుమించు ఇదే, ఈ యుద్ధం వెనకటి వాటి లాంటిది కాదు, ఎవరి సైన్యం ఎంతవరకు వెళ్లగలిగితే అంతవరకు వాళ్ల వ్యవస్థ పెడతారు అని.

ఇప్పుడు మార్కు ఎందుకు తగ్గించానో చెప్తాను. పోలండ్ క్లాసు. బ్రిటన్ యుద్ధంలోకి దిగిందే 1939లో పోలండ్ కోసం, జర్మనీ రెండు సార్లు రష్యా మీదికి వచ్చింది పోలండ్ మీదుగానే, కాబట్టి యాల్టాలో రూజ్వెల్ట్, చర్చిల్, స్టాలిన్ కూర్చున్న 1945 ఫిబ్రవరి 4 నుంచి 11 దాకా ఎక్కువ పేచీ ఆ దేశం మీదే నడిచింది, ఒకరికి అది పరువు, ఇంకొకరికి ఇంటి గుమ్మం. ఇదంతా చక్కగా చెప్పారు. లండన్‌లో ఒక పోలిష్ ప్రభుత్వం, పోలండ్‌లోని లుబ్లిన్‌లో మాస్కో నిలబెట్టిన ఇంకో ప్రభుత్వం, స్వేచ్ఛగా ఎన్నికలు జరుపుతామని యాల్టాలో ఇచ్చిన మాట, 1947 జనవరిలో ఆ ఎన్నికల్ని రిగ్గింగుతో ముగించిన తీరు, అన్నీ వచ్చాయి. కానీ కటిన్ ఒక్క వాక్యంలో పోయింది. 1940 వసంతంలో సోవియట్ రహస్య పోలీసులు దాదాపు 22,000 మంది పోలిష్ ఆఫీసర్లని, చదువుకున్నవాళ్లని కాల్చి గోతుల్లో పూడ్చిపెట్టారు, 1943 ఏప్రిల్‌లో ఆ గోతులు బయటపడితే జర్మన్ల పని అని బొంకారు, నిజం ఒప్పుకున్నది 1990లో. లండన్‌లోని పోలిష్ ప్రభుత్వం విచారణ అడిగిందన్న నెపంతోనే స్టాలిన్ వాళ్లతో సంబంధాలు తెంచుకున్నాడు, లుబ్లిన్ ప్రభుత్వానికి దారి పడింది అక్కడే. దాన్ని వదిలేస్తే పోలిష్ జనం ఎందుకు నమ్మలేదో అర్థం కాదు. 1944 ఆగస్టులో పోలండ్ రాజధాని వార్సా జర్మన్ల మీద తిరగబడితే ఎర్ర సైన్యం విస్టులా నది అవతల ఉండిపోయిన సంగతి కూడా పరుగు మీద అయిపోయింది. రెండు వైపులా న్యాయంగా ఉండాలన్న తాపత్రయంలో ఆయన చచ్చిపోయినవాళ్ల వైపు తక్కువ చూశారని నాకు అనిపించింది, క్లాసయ్యాక ఆ మాట ఆయనతోనే అన్నాను. ఆయన కోప్పడలేదు, వచ్చే బ్యాచ్‌కి దీన్ని విడి క్లాసుగా పెట్టాలి అని నోట్‌బుక్‌లో రాసుకున్నారు. పెడితే నా మార్కు పెంచుకోవచ్చు.

పోట్స్‌డామ్ క్లాసుకి ఎవరూ మానకండి. 1945 జూలై 16న అమెరికాలో న్యూమెక్సికో ఎడారిలో మొదటి అణుబాంబు పేలింది, మర్నాడే జర్మనీలోని పోట్స్‌డామ్‌లో మిత్రదేశాల నాయకుల సమావేశం మొదలైంది. జూలై 24 సాయంత్రం సెషన్ ముగిసి అందరూ లేస్తుంటే ట్రూమన్ తన దుబాసీని కూడా వెంట పెట్టుకోకుండా స్టాలిన్ దగ్గరికి నడిచి వెళ్లి, మా దగ్గర మామూలుగా లేనంత విధ్వంస శక్తి ఉన్న కొత్త ఆయుధం ఉంది అని ఏదో మాటవరసకి అన్నట్టు అన్నాడు. స్టాలిన్ మొహంలో ఏ మార్పూ లేదు, మంచిదే, జపాన్ మీద బాగా వాడండి అన్నట్టు ఒక మాట అని ఊరుకున్నాడు. ఇతనికి సంగతి అర్థం కాలేదు అని అటు ట్రూమన్, ఇటు కాస్త దూరంలో నిలబడి చూస్తున్న చర్చిల్ ఇద్దరూ అనుకున్నారు. అర్థం కాకపోవడం ఏమిటి, బాంబు తయారుచేసిన లాస్ అలమోస్‌లో పనిచేస్తూ గూఢచర్యం చేసిన శాస్త్రవేత్త క్లాస్ ఫుక్స్ లాంటివాళ్ల ద్వారా ఆయనకి ఎప్పటి నుంచో కబుర్లు అందుతూనే ఉన్నాయి. మాస్టారు ఇద్దరు కుర్రాళ్లని లేపి, కుర్చీల మధ్య ఆ నాలుగు అడుగులు నడిపించి, ఎవరికి ఏం తెలుసో, ఎదుటివాడికి ఏం తెలుసని అనుకుంటున్నారో ఇద్దరి చేతా చెప్పించారు. నాలుగేళ్లు కలిసి పోరాడిన మనిషి దగ్గర ఇంత పెద్ద సంగతి దాచడం, దాచారని తెలిసీ ఎదుటివాడు తెలియనట్టు నటించడం, ఆ నటనని ఇవతలివాడు గుర్తుపట్టకపోవడం. ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి. ఆగస్టు 20న రహస్య పోలీసుల పెద్ద బెరియా కింద సోవియట్ బాంబు కమిటీ. 1949 ఆగస్టు 29న వాళ్ల బాంబు పేలింది, అమెరికా వేసుకున్న అంచనా కంటే చాలా ముందు.

1946 గురించి చెప్పాలంటే రెండు టెలిగ్రాముల క్లాసు చాలు. మాస్కోలోని అమెరికన్ ఎంబసీ నుంచి జార్జ్ కెన్నన్ ఫిబ్రవరి 22న పంపిన పొడుగాటి టెలిగ్రాము, వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబారి నికొలాయ్ నోవికోవ్ సెప్టెంబరు 27న మాస్కోకి పంపింది. రెండింటిలో దేశాల పేర్లు కొట్టేసి, కొన్ని పేరాలు మాత్రమే తెలుగులోకి మార్చి పంచారు, ఏది ఎవరిదో చెప్పండి అన్నారు. అవతలి దేశం ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడికి విస్తరిస్తుంది అని ఒకటి, అవతలి దేశం ప్రపంచం మీద పెత్తనం కోసం చూస్తోంది, దానికోసమే సైన్యాన్నీ స్థావరాల్నీ పెంచుకుంటోంది అని ఇంకొకటి. క్లాసులో సగం మంది తప్పు చెప్పారు. నా పక్కన కూర్చునే స్నేహితురాలు, విజయవాడ నుంచి ప్రతి ఆదివారం బస్సులో వచ్చేది, ఒక పేరా గురించి చివరి దాకా ఒప్పుకోలేదు, అది కచ్చితంగా కెన్నన్‌దే అని వాదించింది, అది నోవికోవ్‌ది. యూరప్ మధ్యలో ఇనుప తెర పడిందంటూ అమెరికాలోని ఫుల్టన్‌లో చర్చిల్ చేసిన ప్రసంగం మార్చి 5న, ఈ రెంటికీ మధ్యలో. దాని గురించి అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది కాబట్టి ఆయనా త్వరగా దాటారు, నేనూ దాటుతున్నాను. కమ్యూనిజాన్ని అడ్డుకునే దేశాలకి సాయం చేస్తామన్న ట్రూమన్ డాక్ట్రిన్, గ్రీసుకీ టర్కీకీ కలిపి 40 కోట్ల డాలర్లు, మార్షల్ ప్లాన్ కూడా సిలబస్ కోసం ఎంత కావాలో అంతే.

బెర్లిన్ దగ్గర మాత్రం తీరిగ్గా కూర్చోబెట్టారు. జర్మనీని, సోవియట్ ముక్క మధ్యలో ఉన్న బెర్లిన్‌ని కూడా, అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ నాలుగు ముక్కలు చేసి పంచుకున్నాయని అందరికీ తెలుసు. గెలవడానికి చేసుకున్న ఏర్పాటు తరువాత ఎలా మెడకి చుట్టుకుంటుందో చెప్పడానికి ఆయన డబ్బు నోట్లతో మొదలుపెట్టారు. ఆక్రమిత జర్మనీలో వాడాల్సిన మార్కు నోట్ల అచ్చు ప్లేట్లని 1944లో అమెరికా సోవియట్‌కి కూడా ఇచ్చింది, మిత్రులు కాబట్టి. సోవియట్ వాళ్లు తమ సైనికుల పాత జీతాలన్నీ ఆ నోట్లతో తీర్చేశారు, కుప్పలు తెప్పలుగా అచ్చేశారు. డబ్బు విలువ పోయింది, జనం సిగరెట్లతో సరుకులు కొనుక్కున్నారు. చివరికి 1948 జూన్ 20న పశ్చిమ మండలాల్లో కొత్త డాయిష్ మార్కు తెచ్చారు, అది బెర్లిన్‌లోకి కూడా రాగానే జూన్ 24న సోవియట్ వైపు నుంచి రోడ్లు, రైళ్లు, కాలువలు మూసేశారు. పశ్చిమ బెర్లిన్‌లో 20 లక్షల పైచిలుకు జనం, చుట్టూ సోవియట్ మండలం, దగ్గరలో ఉన్న పశ్చిమ మండలం 160 కిలోమీటర్ల దూరంలో.

ఇక్కడ ఒక పాయింటు నేను ఏ నోట్సులోనూ చూడలేదు. రోడ్డు దారికి రాతపూర్వకమైన ఒప్పందం ఏదీ లేదు, 1945లో మిత్రులే కదా అని నోటిమాట మీద సరిపెట్టుకున్నారు. విమాన దారులకి మాత్రం, విమానాలు ఒకదానికొకటి గుద్దుకోకుండా ఉండాలని, 1945 నవంబరులో కాగితం రాసుకున్నారు, మూడు దారులు, ఒక్కొక్కటి ఇంత వెడల్పు అని. ఆ కాగితమే బెర్లిన్‌ని బతికించింది. రోడ్డు మీద గేటు దించితే లారీ ఆగుతుంది, విమానాన్ని ఆపాలంటే కాల్చాలి, కాలిస్తే యుద్ధం. మాస్టారు గోడ మ్యాపు మీద గుండుసూదులు గుచ్చి, హాంబర్గ్, హనోవర్, ఫ్రాంక్‌ఫర్ట్ వైపుల నుంచి బెర్లిన్‌కి మూడు ఎర్ర దారాలు కట్టారు, ఆ దారాలు కోర్సు అయ్యేదాకా అలాగే ఉంచారు. ఆ దారాల మీదుగా దాదాపు 2 లక్షల 77 వేల సార్లు విమానాలు ఎగిరాయి, 23 లక్షల టన్నుల సరుకు, అందులో ఎక్కువ భాగం బొగ్గు. మూడు నాలుగేళ్ల క్రితం అదే ఊరి మీద బాంబులు వేసిన దేశాల పైలట్లు ఇప్పుడు అదే ఊరికి బొగ్గు, పిండి మోస్తున్నారు. 1949 మే 12న దిగ్బంధం ఎత్తేశారు. అప్పటికి అమెరికా, పశ్చిమ యూరప్ దేశాల సైనిక కూటమి నాటో ఒప్పందం అయిపోయి నెల దాటింది, అదే ఏడాది జర్మనీలు రెండయ్యాయి. పాత శత్రువు సగం ఒకరికి మిత్రుడు, సగం ఇంకొకరికి.

ఆసియా విషయంలో కోర్సు తేలిపోయింది, ఇదీ మార్కు తగ్గడానికి కారణమే. చైనా, కొరియా, వియత్నాం మూడూ చివరి క్లాసులో కుక్కేశారు. కొరియాని చీల్చిన 38వ అక్షాంశం గీత 1945 ఆగస్టు 10 అర్ధరాత్రి ఇద్దరు అమెరికన్ కల్నల్స్, డీన్ రస్క్, చార్లెస్ బోన్‌స్టీల్, అరగంట టైములో నేషనల్ జియోగ్రాఫిక్ మ్యాపు ముందు పెట్టుకుని గీశారన్న సంగతి చెప్పారు, సోవియట్ ఏ పేచీ లేకుండా ఒప్పుకుందనీ చెప్పారు. ఆ గీత మీద అయిదేళ్లకి లక్షల మంది చచ్చారు. ఇలాంటి దానికి చీటీలు ఎందుకు పెట్టలేదు? కొరియా యుద్ధ ఖైదీల సమస్య తేల్చే కమిషన్‌కి మన జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడుగా ఉన్నాడు, మన సైనికులు అక్కడ కాపలా కాశారు, ఇండియా సివిల్స్ రాసే పిల్లలకి ఇది ఇంకా వివరంగా కావాలి.

ఆ రెండు అగ్రరాజ్యాల పోటీ మన ఇళ్లలోకి ఎలా వచ్చిందన్నది కూడా ఒక క్లాసు అవుతుంది. 1955లో భిలాయ్ ఉక్కు కర్మాగారానికి సోవియట్‌తో ఒప్పందం, ఇంకో పక్క పీఎల్-480 అనే తిండిగింజల సాయం చట్టం కింద అమెరికా గోధుమలు. మా నాన్నగారి తరం బడిలో తిన్న ఉప్మా రవ్వ అమెరికా నుంచి వచ్చింది, అదే పిల్లలు సెలవుల్లో బెజవాడ ఏలూరు రోడ్డు విశాలాంధ్రలో అగ్గువకి కొనుక్కున్న గట్టి అట్టల బొమ్మల పుస్తకాలు మాస్కోలో తెలుగులో అచ్చయ్యాయి. మా ఇంట్లో అలాంటివి రెండు మూడు ఇంకా ఉన్నాయి. ఒకే పిల్లాడి కడుపు కోసం ఒకరు, బుర్ర కోసం ఇంకొకరు పోటీ పడ్డారంటే ఆ పోటీ ఎంత లోతుకి వెళ్లిందో చూడండి. మాస్టారికి ఇదంతా తెలుసు, టీ తాగేటప్పుడు గంటలు గంటలు చెప్తారు, క్లాసులో మాత్రం చెప్పరు.

ఇక మామూలు విషయాలు. హాలు రెండో అంతస్తు, లిఫ్టు లేదు, పెద్దవాళ్లకి ఇబ్బంది. ఏసీ ఒకటే, కిటికీ వైపు కూర్చుంటే రోడ్డు హారన్లు, తలుపు వైపు కూర్చుంటే చెమట. మధ్య వరసలో కూర్చోండి. కరెంటు పోతే ఇన్వర్టరు ఫ్యాన్లకే సరిపోతుంది, ప్రొజెక్టర్ ఉండదు, అయితే ఆయన పాఠానికి ప్రొజెక్టర్‌తో పనిలేదు. బండి పెట్టుకోవడానికి చోటు దొరకదు, శంకర్‌విలాస్ సెంటర్ దగ్గర దిగి నడిచి వెళ్లడం మేలు. నోట్సు జిరాక్స్ నాణ్యత బాగోలేదు, మ్యాపుల మీద అక్షరాలు కళ్లద్దాలున్నా కనబడవు, ఈ మూడున్నర వేలకి ఇంకో మూడొందలు తీసుకుని రంగు ప్రింట్లు ఇస్తే అందరూ సంతోషంగా కడతారు. క్లాసు టైముకి మొదలవుతుంది, టైముకి ముగియదు, మధ్యాహ్నం ఒంటిగంటకి ఏ పనీ పెట్టుకోకండి. డౌట్లు అడిగితే విసుక్కోరు, అమ్మా, నాయనా అనే పిలుస్తారు, ఇంటర్ చదివే పిల్ల అడిగినా బ్యాంకు మేనేజరు అడిగినా జవాబు ఒకేలా ఉంటుంది.

నెలాఖరులో ప్రిలిమ్స్ ఉన్నవాళ్లు, బుల్లెట్ పాయింట్లు కావాలనుకునేవాళ్లు వెళ్లకండి, టెన్షన్ పెరుగుతుంది తప్ప ఉపయోగం ఉండదు. మెయిన్స్‌కి ఏడాది టైము ఉన్నవాళ్లకి, ముఖ్యంగా జీఎస్ (జనరల్ స్టడీస్) మొదటి పేపర్లో ప్రపంచ చరిత్రకి, ఇది బాగా పనికొస్తుంది. టీచర్లు వెళ్తే ఇంకా మంచిది, ఆ చీటీల పద్ధతి తొమ్మిదో తరగతి పిల్లల దగ్గర కూడా నడుస్తుంది. కొత్త బ్యాచ్ దసరా సెలవులయ్యాక అంటున్నారు. మంచి అట్లాసు, గళ్లు లేని తెల్ల నోట్‌బుక్ ఒకటి తీసుకెళ్లండి. ఫోన్ చేస్తే పగలు ఎత్తరు, మెసేజ్ పెడితే రాత్రికి జవాబిస్తారు. చేరేటప్పుడు కటిన్ క్లాసు, కొరియా చీటీలు ఈసారి ఉంటాయా అని తప్పకుండా అడగండి, నలుగురు అడిగితే పెడతారు.